చువ్వలు వదలిన మిద్దె



ఎవరి స్మృత్యర్థము మనము నేడు ఈ కమ్యూనిటీ హాలులో సమావేశమైతిమో, వారి పేరు ఆహ్వానపత్రికపై ముద్రింపబడియున్నను, దిల్‌సుఖ్‌నగరు మొదలు కొత్తపేట, సరూర్‌నగరు, ఎల్.బి. నగరు వరకు గల వీథులలో వారిని ఆ పేరుతో పిలిచినవారిని నేను చూచి యెరుగను. ప్రభుత్వోద్యోగము మాని యిరువది యేండ్లు గడచినను వారు అందరికిని ఓవర్సియరుగారే. నేనును ఈ సాయంకాలము వారిని అట్లే వ్యవహరింతును. ముప్పది యేండ్లు వాస్తువిద్య బోధించి, విద్యార్థులచేత లెక్కలేనన్ని ప్లానులు గీయించిన నాకు, నూటయిరువది గజముల జాగాలో ఒక సంసారము ఎట్లు నిలుచునో తొలుత తెలియజెప్పినవారు వారే. నా సొంత యింటికి నేను గీచుకొన్న ప్లాను మొదటిసారి వారికి చూపినప్పుడు, ముక్కు మీది అద్దములు సవరించుకొని, “మెట్లు లోపల పెట్టినవేందయ్యా? రేపు పైన కిరాయికిస్తే, కిరాయిదారు నీ దేవునర్ర ముందటికెల్లి ఎక్కాల్నా?” అని వారడిగిన ప్రశ్నకు సమాధానము నేను చదివిన యే గ్రంథమునందును లేకుండెను. మెట్లు వెలుపలికి వచ్చినవి.

ఇట్టి మనుష్యుని స్మారకసభలో ఫ్రాన్సు దేశపు వాస్తుశిల్పి యొకనిని గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా దోపవచ్చును. అయినను ఈ ప్రాంతమునకును ఆ దేశమునకును గల చుట్టరికము నేటిది కాదు. ఇచటినుండి నడచిపోగలిగినంత దూరములో, మూసారాంబాగునకు ఎగువన అస్మాన్‌గఢ్ గుట్టమీద, ఏడు మీటర్ల యెత్తున నల్లరాతి స్తంభ మొకటి నిలిచియున్నది. అది 1798 మార్చి 25వ తేదీన కాలధర్మము నొందిన మిషెల్ జోవాషిమ్ మరీ రేమాన్ సమాధి. గాస్కనీ ప్రాంతమున పుట్టి, రెండవ అసఫ్ జాహ్ కొలువులో సేనానాయకుడై, ఫిరంగులు పోతపోయించిన యీ పరదేశిని మన హిందువులు మూసారాముడనియు, ముసల్మానులు మూసా రహీమనియు తమ తమ దేవుళ్ళ పేర్లలోనికి చేర్చుకొనిరి. దొరను మనవాళ్ళు ‘ముస్యూ’ అని పిలువబోగా ఆ మాట నోట నలిగి మూసా అయ్యెను. మెట్రో రైలు ఆ పేరుగల స్టేషనులో ఆగునప్పుడు దిగువారిలో ఎందరు అది ఒక ఫ్రెంచివాని పేరని యెరుగుదురు? వర్ధంతి దినమున నిజాము కొలువునుండి ఆ సమాధికి చుట్టలును బీరుసీసాయు పంపెడివారని పెద్దలు చెప్పుకొందురు. సమాధి చెంతనున్న స్తంభముల మంటపము ఈ శతాబ్దారంభమున వానలకు కూలిపోగా మరల కట్టిరి. నా చిన్నతనమున ఆ గుట్టమీదినుండి చూచినచో సరూర్‌నగరు చెరువు నీరు మెరయుచు కానవచ్చెడిది. ఇప్పుడు కానవచ్చునవి నల్లని ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు.

మూసా రేమాను ఇల్లు కట్టువాడు కాడు. ఇండ్లు కట్టిన మరియొక రేమండు కలడు. అతనిని చెప్పక నా కథ సాగదు.

1937లో హైదరాబాదు ప్రధానమంత్రి పదవి నధిష్ఠించిన సర్ అక్బర్ హైదరీ, ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు దోహదము చేసినవాడుగా మనకు సుపరిచితుడే. ఆయనకు పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమముపై గల భక్తి మాత్రము మనవారిలో పలువురు ఎరుగనిది. ఆశ్రమవాసులకు నివాసభవనము కట్టదలచినప్పుడు ఆయన పూనికతో లక్ష రూపాయలు హైదరాబాదునుండి పోయినవి. ఆ కృతజ్ఞత చేతనే ఆ భవనమునకు మన గోల్కొండ పేరు పెట్టి, ఫ్రెంచి పలుకుబడిలో ‘గోల్కోండ్’ అనిరి. దాని నిర్మాత చెక్ దేశమున జన్మించి, అమెరికా పౌరుడై, జపానులో వృత్తి సాగించిన ఆంటోనిన్ రేమండ్. పని దగ్గర నిలిచి చేయించినవారు జార్జి నాకషిమా, ఫ్రాంటిషెక్ సామెర్ అను ఇరువురు యువకులు. యుద్ధకాలమున పూర్తియైన ఆ కట్టడములో గాజు కిటికీలు లేవు. గోడకు బదులు నేలనుండి కప్పుదాక, ఇత్తడి పిడిని త్రిప్పినచో తెరుచుకొని మూసికొను సిమెంటు రేకుల వరుసలు కలవు. వాన పడునప్పుడు ఒక త్రిప్పు, గాలి కావలసినప్పుడు మరియొక త్రిప్పు. కప్పుమీద మరొక కప్పు వేసి, రెంటి నడుమ గాలి ఆడునట్లు చేసిరి. అడుగున పరచినది నున్నని నల్ల కడపరాయి. హైదరాబాదు ధనము, కడప రాయి, చెక్ బుద్ధి, తమిళుల చేతులు, వీనితో మన దేశమున ఆధునిక నివాసగృహ నిర్మాణము తొలినాళ్ళ పాఠములలో ఒకటి నేర్చుకొన్నదని నా యభిప్రాయము. నేనచట పాదరక్షలు విడిచి ఆ రాతిమీద నడచినప్పుడు, నడివేసవి మధ్యాహ్నమున అరికాళ్ళకు తగిలిన చల్లదనము మా అమ్మమ్మగారి ఇంటి వసారాలోనిది.

ఇక నేటి ప్రసంగమునకు నాయకుడైన రోజే ఆంజేకు వత్తును. 1923లో పారిస్‌నగరమున జన్మించి, అచటి లలితకళా విద్యాలయమున వాస్తువు అభ్యసించి, 1947లో పట్టా పుచ్చుకొన్న యీ మనిషి చిత్రకారుడును శిల్పియు కూడ. అతడు పట్టా పుచ్చుకొన్న కాలమున ఫ్రాన్సు దేశమున ఇండ్లు లేవు. ఈ మాట అతిశయోక్తి కాదు. బాంబులకు కూలినవి కొన్ని, కూలనివైనను మరుగుదొడ్డియు నీటికొళాయియు లేనివి అనేకములు, పల్లెలు విడిచి పట్టణములకు చేరుచున్న జనము వేరు. 1954 చలికాలమున, అద్దెయింటినుండి వెడలగొట్టబడిన ఒక స్త్రీ ఆ ఖాళీచేయింపు కాగితము చేతిలో నుండగనే పారిస్ కాలిబాటపై గడ్డకట్టి చనిపోయినది. ఫిబ్రవరి 1వ తేదీన ఆబె పియేర్ అను మతగురువు రేడియోలో ఆ సంగతి చెప్పి చేసిన విన్నపము విని, దేశము దేశమే ఉలిక్కిపడెను. ఆ మీదట ప్రభుత్వము కట్టుటకు పూనుకొన్నది. ఎంత కట్టెననగా, మంచిచెడ్డలు విచారించుటకు తీరిక లేనంత కట్టెను.

ఆ హడావుడిలో ఇల్లు అనునది ఎట్లు మారిపోయినదో తెలియుటకు పారిస్ శివారునందలి సార్సెల్ ఒక్కటి చాలును. పన్నెండువేలకు పైగా కాపురములను ఇరువది యేండ్లలోపల లేపిన ఆ చోట, భవనములు బారులుగా తీరుట కొంతవరకు క్రేను పట్టాల పుణ్యమే. క్రేను తిన్నగా పోవుటకు అనువుగా ఇండ్లును తిన్నగా నిలిచినవి. వాటియందు కాపురముండువారికి కలిగిన దిగులుకు పత్రికలవారు ఊరిపేరుతోనే ఒక జబ్బు పేరు కల్పించిరి. యంత్రము ఇంటికొరకు కాక, ఇల్లే యంత్రముకొరకు వంగినచో మనిషికి కలుగు జబ్బు అది.

దానికి ఎదురు నిలిచినవారును లేకపోలేదు. ఫెర్నాండ్ పూయాన్ అను వాని నొక్కని స్మరించి ముందునకు సాగుదును. అతని కథ వేరొక సాయంకాలము కోరును. గనిలోనే సరియైన కొలతలకు కోసిన రాతిని బరువుమోయు గోడలకు వాడినచో కాంక్రీటుకంటె చౌకయనియు, త్వరితమనియు ఎక్స్-అన్-ప్రొవాన్సు పట్టణమున రెండువందల ఇండ్లు కట్టి నిరూపించినవాడు. అల్జీర్సులో వేలకొలది కాపురములకు రాతి గోడలు ఎత్తినవాడు. ఇండ్ల వ్యాపార సంస్థ తగవులో 1961లో చెరపాలై, చెరనుండి పారిపోయి, మరల తానే వచ్చి లొంగిపోయి, ఆ దినములలో ఒక మధ్యయుగపు మఠనిర్మాతను గూర్చి నవల వ్రాసి, 1964లో ప్రకటించినవాడు. రాతిదేశమైన తెలంగాణమున పుట్టియుండి మనము ఇటుకకును సిమెంటుకును తప్ప మరి దేనికిని ఇంట చోటీయకుండుట నాకు పూయాను పేరు విన్నప్పుడెల్ల జ్ఞప్తికి వచ్చును. షాబాదు బండలు కాళ్ళక్రింద పరచుకొన్నాము, గోడలెత్తుటకు మాత్రము రాయి పనికిరాదన్నాము.

ఆంజే పూయానువలె తిరుగుబాటుదారుడు కాడు. ప్రభుత్వపు బృహన్నిర్మాణములలో అతడంతగా చేయిపెట్టలేదు. ప్రైవేటు బిల్డర్ల కొరకు, మధ్యతరగతి సంసారముల కొరకు, పారిస్ పాతవీథుల నడుమ దొరికిన జాగాలలో, సహచరులు పియేర్ పుచ్చినెల్లి, మారియో హేమాన్‌లతో గూడి, 1950లలోను 60లలోను బహుళాంతస్తుల నివాసములు కట్టెను. వానిలో అతని చేతిముద్ర ఒక్క చూపులో పట్టుబడును. ముఖభాగము చదునుగా నుండదు. ఒక గది ముందునకు పొడుచుకొని వచ్చును. దాని పైది వెనుకకు జరుగును. ఒక వరండా కుడికి, మరొకటి యెడమకు. దూరమునుండి చూచినచో పిల్లవాడు చెక్కదిమ్మలను ఒకదానిపై నొకటి కొంచెము జరిపి జరిపి పేర్చినట్లుండును. కేవలము శిల్పి సరదాగా దీనిని కొందరు కొట్టిపారవేసిరి. నేను అంగీకరింపను. వందగదుల గోడలో తన గది యేదో పోల్చుకొనలేని మనిషి అందు అద్దెకున్నవాడే కాని కాపురమున్నవాడు కాడు. ఆంజే కట్టిన వానియందు పసివాడు సైతము వీథిలో నిలిచి, “అదిగో, ఆ ముందుకు వచ్చినది మాది” అని వేలు చూపగలడు. సార్సెల్‌లో వేలు చూపుటకు అంతస్తులు లెక్కపెట్టవలెను.

ఈ మార్గమున అతడు చేసిన మహాప్రయత్నము గ్రెనోబుల్ పట్టణమున ఈల్ వేర్త్ అనుచోట 1963-67 నడుమ లేచిన మూడు గోపురములు. ఇరువదియెనిమిది అంతస్తులు, నూరు మీటర్ల యెత్తు. ఆనాటికి ఐరోపాలో మనుష్యులు కాపురముండు కట్టడములలో అత్యున్నతములలో నివి లెక్కింపబడెడివి. చుట్టునున్న ఆల్ప్సు పర్వతముల పేర్లనే వానికి పెట్టిరి. అవి కొండలతో పోటీపడుచున్నవని తిట్టినవారు కలరు, కొండలకు తోడుగా నిలిచినవని మెచ్చినవారును కలరు. ఇరువదవ శతాబ్దపు వారసత్వముగా ఫ్రాన్సు ప్రభుత్వము వానిని తరువాత గుర్తించినది. 1968 ఫిబ్రవరి నెలలో ఆ పట్టణమున శీతాకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగి, ప్రపంచము ఆ గోపురములను టెలివిజనులో చూచెను. క్రీడలు ముగిసిన పదవ దినమున, అనగా ఫిబ్రవరి 28వ తేదీన, అదే వాస్తుశిల్పి గీచిన నగర మొకదానికి పుదుచ్చేరి ప్రక్కన ఎర్రమట్టి బీటిమీద ప్రారంభోత్సవము జరుగుచుండెను.

శ్రీ అరవిందాశ్రమపు మాతృమూర్తి యైన మీరా అల్ఫాసా ఆంజేను 1965లో తన నగరమునకు ప్రధాన వాస్తుశిల్పిగా పిలిచినది. కోరినది సామాన్యమా? ఏ దేశమునకును చెందనిది, ఏ మతమునకును లోబడనిది, యాభైవేలమంది నివసింపదగినది అగు నగరమొకటి. నివాసము, సంస్కృతి, పరిశ్రమ, అంతర్జాతీయము అని నాలుగు మండలములు. నడుమ ఒక మర్రి. ఆంజే మొదట నీహారికవంటి రూపమొకటి గీచి, తరువాత దానిని విడిచి, నక్షత్రమండలము సుడి తిరిగినట్లు, కేంద్రమునుండి వంపులుగా విచ్చుకొను బారులతో ‘గెలాక్సీ’ అను నగరరూపమును 1968లో సమర్పించెను. వ్యాసార్ధము ఒకటింబావు కిలోమీటరు. దాని చుట్టు అంతే వెడల్పున హరితవలయము. ప్రారంభమునాడు నూటయిరువదినాలుగు దేశములనుండియు, మన రాష్ట్రములనుండియు వచ్చిన యువజనులు తమ నేలల మట్టి పిడికెడు తెచ్చి, తామరమొగ్గ ఆకారపు పాత్రలో పోసిరి. తొంబది నిండిన మాత మాత్రము అచటికి పోలేదు. పుదుచ్చేరిలోని తన గదినుండియే ఆకాశవాణి ద్వారా నగరశాసనమును చదివినది. ఆ సుడి నమూనా ఛాయాచిత్రమును మీలో పలువురు చూచియుందురు. తెల్లని అట్టతో, పైనుండి చూచినచో పువ్వువలె, ఎంత ముచ్చటగా నుండును! అందులో లోపమేమియు కానరాదు. అదియే దాని లోపమని నాకు తట్టుటకు చాలకాలము పట్టినది.

ఇదే కాలమున ఇచ్చట ఏమి జరుగుచుండెనో కొంచెము చూతము. దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అను భూస్వామి తన సేద్యపు నేలను ప్లాట్లుగా విభజించి అమ్మగా ఏర్పడినందున దిల్‌సుఖ్‌నగరమునకు ఆ పేరు. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పాతబస్తీ ఇరుకుపేటలు కొట్టించి పద్ధతిగా ఇండ్లు కట్టించినది. 1960లో దాని పనిని హౌసింగు బోర్డు చేపట్టినది. కాని చాదర్‌ఘాటు దాటి తూర్పునకు వచ్చినకొలది ఆ సర్కారు చేయి పలుచనైపోయినది. నల్లగొండనుండి, ఖమ్మమునుండి, కృష్ణా గుంటూరులనుండి బస్సు దిగిన జనము విజయవాడ రోడ్డుకును సాగరు రోడ్డుకును అటునిటు, వెంచరు వేసినవాని మాటమీద, సున్నపు గీతల నడుమ, నూరు నూటయిరువది గజములు కొనుక్కొని, తామే ఊరు కట్టుకొనిరి. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, ఆర్టీసీ డ్రైవర్లు, పండ్లమండీ కమిషనుదారులు. వాస్తుశిల్పి లేడు. ఉన్నవాడు మేస్త్రి, అక్కడక్కడ మన ఓవర్సియరుగారి వంటి పెద్దమనిషి.

వీరి ఇండ్లకు ఒక ప్రత్యేక లక్షణము కలదు. దానిని ఏ పాఠ్యగ్రంథమును వర్ణింపదు. స్లాబు పోసిన తరువాత పిల్లర్ల తలలమీద మూరెడు మొదలు మూడు మూరల వరకు ఇనుప చువ్వలు వదలిపెట్టుదురు. ఈ సభామందిరము వెనుక మెట్లు ఎక్కి చూచినచో ఆకసము క్రింద అడవివలె కానవచ్చును. బట్టలారవేయు తీగ కట్టుటకును, అప్పడముల చీర కొసలు ముడివేయుటకును, గాలిపటముల దారము చిక్కుకొనుటకును అవియే ఆధారము. పైదేశములనుండి వచ్చిన అతిథులు ఈ ఊరు ఇంకను కట్టుబడి పూర్తికాలేదా యని నన్నడుగుదురు. పూర్తికాలేదు, పూర్తిచేయరాదను సంకల్పముతోనే అవి వదలబడినవి. పెద్దవాని పెండ్లికి ఒక అంతస్తు, చిన్నదాని చదువుకు అద్దె వచ్చుటకు మరొక అంతస్తు, చేతిలో సొమ్మున్నచో రేకులషెడ్డు, లేనిచో చువ్వలకు సిమెంటుపాలు పూసి తుప్పు పట్టకుండ కాచుకొనుట. ఇంటివాని యాశ ఎంత పొడవో చువ్వ అంత పొడవు.

ఇందులో నేను శోభను చూచుచున్నానని తలపకుడు. గాలి వెలుతురులు లేని గదులు, గోడకు గోడ ఆనిన ప్రహరీలు, సెట్‌బ్యాకు మింగిన వంటిండ్లు, ఆ పిమ్మట వానిని క్రమబద్ధము చేసికొనుటకు కట్టిన రుసుములు, ఇవి యన్నియు నెరుగుదును. పథకము లేక జనము వచ్చి నిండినచో చెరువు గర్భముకూడ ప్లాటు అగును. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి వానకు సరూర్‌నగరు దిగువ కాలనీలలో నీరు ఎన్ని దినములు నిలిచెనో ఇచటివారికి నేను చెప్పనక్కరలేదు. ఓవర్సియరుగారు తమ యింటి పునాదిని రోడ్డుకంటె మూడు మెట్లెత్తున కట్టించిరి. ముప్పదియేండ్లలో రోడ్డుపై రోడ్డు, తారుపై సిమెంటు వేసి వేసి, తుదకు వాకిలి వీథికంటె ఒక మెట్టు క్రిందికి పోయినది. ఆ రాత్రి నీరు వారింట దేవునర్ర గడప దాటినది. మెట్లు వెలుపల నుండుట చేత పైకి ఎక్కగలిగిరి.

మరి ఆంజే నగర మేమయ్యెను? 1973 నవంబరులో మాత దేహము విడిచినది. నగరము ఎవరిదను తగవు లేచి, కేంద్రప్రభుత్వము కలుగజేసికొని, 1980లో అత్యవసర చట్టమును, 1988లో ఫౌండేషను చట్టమును తేవలసివచ్చినది. ఆంజే కొంతకాలము దూరమై, తరువాత మరల వచ్చెను. ఈలోపల, గుంపులు గుంపులుగా వచ్చిన ఉత్సాహవంతులు ఎండిన బీటిపై తాటాకు గుడిసెలు వేసికొని, వాన నీటికి గట్లు వేసి, లక్షలకొలది మొక్కలు నాటిరి. గెలాక్సీ గీతలు కాగితముపై నుండగా నేలపై అడవి పెరిగినది. సుడి బారులు లేవవలసిన చోట్ల చెట్లు లేచినవి. నేటికిని అచటి జనసంఖ్య మూడువేల పైచిల్లర మాత్రమే. 2021 డిసెంబరులో వలయపుదారి కొరకు యంత్రములు వచ్చి చెట్లు పడగొట్టినప్పుడు, ఏబదియేండ్ల క్రిందట గీచిన గీతకును, ఏబదియేండ్లుగా పెరిగిన వేరుకును నడుమ వివాదము న్యాయస్థానముల దాక పోయినది. ఇచ్చట పథకము లేక జనము పొర్లిపోయిరి, అచ్చట పథకము నిండుగానుండి జనము రాలేదు. రెండు ఊళ్ళకును తలా ఒక తప్పు.

అయితే ఆంజే చేతులతో కట్టినవానిని చూడక తీర్పు చెప్పుట అన్యాయము. ఆ నగరములోని ధ్యానమందిరమైన మాతృమందిరము అందరెరిగినదే. 1971లో శంకుస్థాపన జరిగి, తమిళ కూలీలును స్వచ్ఛందసేవకులును తట్టలతో కాంక్రీటు మోసి లేపిన ఆ గోళము, ముప్పదియారు మీటర్ల వెడల్పుతో, బంగారు పళ్ళెరముల కవచముతో, లోపల పాలరాతి గదిలో డెబ్బది సెంటీమీటర్ల స్ఫటికముతో, 2008లో పూర్తియైనది. ఆ సంవత్సరము జనవరిలోనే ఆంజే కన్నుమూసెను. యాత్రికులు దానిని చూచి వత్తురు. నేను చూడబోయినది మాత్రము ఆరోమోడెల్ అను చోటిలోని ఇండ్లు, ‘లాస్ట్ స్కూల్’ అను పేరుగల బడి. 70ల మొదట కట్టిన ఆ కట్టడములందు గోడ తిన్నగా పోదు; వంగును, విచ్చుకొనును, వెలుతురు మూలనుండి జారి నేలమీద పడును. పారిస్ వీథిలో గదులను ముందునకు వెనుకకు జరిపిన చేయి, ఇచట అదే కాంక్రీటును మట్టివలె పిసికినది. పిల్లలు ఆ వంపులపై జారుటకు వీలగునని బడి కట్టినవాడు తలచెనో లేదో కాని, వంపు అంచు ఒకచోట అరిగి నున్ననై మెరయుచుండెను. దానిని చూచి నేను చాలసేపు నిలిచితిని.

అతనిపై గ్రంథము వ్రాసిన అనుపమా కుందూ అను వాస్తుశిల్పిని మొదలుకొని పలువురు అతనిని సౌందర్యాన్వేషకునిగా కీర్తించిరి. కీర్తి సమంజసమే. నా మాట కొంచెము వేరు. పారిస్ బిల్డరు చేతికి లొంగి, ఇరుకు జాగాలో, గజము గజమునకు బేరమాడుచు కట్టిన ఇండ్లలోనే ఆంజే మనిషిని ఎక్కువగా తలచెనని నాకు తోచును. అడ్డు చెప్పువారు లేక, బీటినంతయు అప్పగించినప్పుడు అతడు నగరమును ఒకేసారి పూర్తిచేసివేసెను. గెలాక్సీ నమూనాలో ఎచ్చటను ఒక చువ్వ మిగులలేదు. ఇక వచ్చువాడు ఏమి చేయవలెను? వచ్చి అందులో ఒదుగవలెను, లేదా రాకుండవలెను. ఇది అతని ప్రతిభకు తక్కువ కట్టుట కాదు. వాస్తుశిల్పులమైన మాకందరికిని గల రోగమిది, అతనియందు అందముగా కనబడినది.

పుదుచ్చేరినుండి వచ్చిన తరువాత నేను గెలాక్సీ నమూనా చిత్రమును ఒకటి పెద్దదిగా అచ్చువేయించి ఓవర్సియరుగారికి చూపబోయితిని. వారు దానిని బల్లమీద పరచి, ఒకసారి అటు, ఒకసారి ఇటు త్రిప్పి, “ఇండ్ల ఉత్తరం ఎటున్నది?” అనిరి. చూపితిని. వ్రేలితో ఒక బారువెంబడి పోయి, “మోరీ ఏడికి పోతది?” అనిరి. నాకు తెలియదంటిని. “సల్లగున్నది బొమ్మ,” అని, మడిచి తమ వద్దనే ఉంచుకొనిరి. అడుగలేక వచ్చితిని.

ఇప్పుడు ఓవర్సియరుగారి ఇల్లు డెవలపుమెంటునకు ఇచ్చినారు. పోయిన వారము సామాను సర్దుచుండగా బీరువాలో, ఇంటి పర్మిషను కాగితములనడుమ, ఆ చిత్రము దొరికినదని వారి కోడలుగారు నాకు తెచ్చి యిచ్చిరి. వెనుక తెల్లని వైపున, పెన్సిలుతో, ఓవర్సియరుగారి పొందికైన అంకెలు: 50,000 గుణకారము 135, సమానము 67,50,000 లీటర్లు, రోజుకు. దాని క్రింద రెండుసార్లు గీత గీచి, ‘సంపు?’ అని వ్రాసియుండెను.